"పనిచేసింది కదా" అనే సలహాలు

మొన్న మే నెలలో విజయవాడ హైవే మీద, చిట్యాల దాటాక, ముందు ఎడమ టైరు కూర్చుంది. బండి పక్కకు తీసి డిక్కీ తెరిచేలోపే ఒక పెద్దాయన బైకు ఆపి వచ్చాడు. "నువ్వుండు తమ్ముడూ, ముందు లేపేద్దాం, నట్ల సంగతి తర్వాత" అంటూ నా చేతిలోంచి జాకీ తీసుకున్నాడు. కాదనలేకపోయాను. చక్రం నేల వదిలాక స్పానర్ వేసి లాగితే నట్టు రాలేదు, చక్రమే తిరిగింది. ఇంకాస్త గట్టిగా లాగేసరికి బండి ఊగి జాకీ మీంచి జారింది. తలుపు కింద రేకు అంగుళం లోపలికి నొక్కుకుపోయింది. ఆయన చెయ్యి అక్కడికి జానెడు దూరంలో ఉంది.

ఆయన మంచివాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరికోసమో ఆగాడు. ఇలాగే ఎన్నో టైర్లు మార్చానన్నాడు, అదీ నిజమే అయ్యుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. తప్పుడు సలహా చాలాసార్లు పనిచేస్తుంది, కాబట్టే చేతులు మారుతూ బతుకుతుంది. నష్టం ఆ రోజు కనపడదు. కనపడిన రోజున సలహా ఇచ్చినవాళ్లు పక్కన ఉండరు. నేను విన్నవీ, కొన్ని పాటించి దెబ్బతిన్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఏ సలహా ఎందుకు తప్పో తెలిస్తే కాదనే ధైర్యం వస్తుంది.

1. "ముందు బండి లేపు, తర్వాత నట్లు తియ్యి"

వరస తిరగేయాలి. చదునైన గట్టి నేల చూసుకుని, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో పెట్టి, అందరినీ దించాలి. మార్చే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే ఒక్కో నట్టునీ ఎడమవైపు అర చుట్టు వదులు చేయాలి. నేల పట్టు ఉంది కాబట్టి చక్రం తిరగదు. ఆ తర్వాతే జాకీ. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, తలుపు కింద అంచులో చేత్తో తడిమితే రెండు గాట్లు తగులుతాయి, ఆ రెంటి మధ్య. నేల మెత్తగా ఉంటే జాకీ కింద చెక్క వేయాలి. జాకీ మీదున్న బండి కిందికి చెయ్యి గానీ తల గానీ పోనివ్వద్దు.

2. "స్పానర్ మీద ఎక్కి తొక్కు, ఇక ఊడదు"

చాలా చిన్న కార్ల నట్లకు కంపెనీ చెప్పే బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. 80 కిలోల మనిషి 25 సెంటీమీటర్ల స్పానర్ చివర నిలబడితే అది 200కి చేరుతుంది. బోల్టు సాగుతుంది, మర చెడుతుంది. మళ్లీ పంక్చరైనప్పుడు ఆ నట్టు మీ చేతికి రాదు. మరలకు గ్రీజు పూయమనేదీ ఇలాంటి సలహానే. గ్రీజు ఉంటే అదే బలానికి నట్టు ఎక్కువ బిగుసుకుంటుంది.

నట్టును ఒకసారి దగ్గరగా చూడండి. ఒకవైపు ఏటవాలుగా చెక్కి ఉంటే ఆ వైపు చక్రం లోపలికి పోవాలి, అదే చక్రాన్ని నడిమధ్యకు తెచ్చి కూర్చోబెడుతుంది. ముందు వేళ్లతో తిప్పి, బండి దించాక ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని బిగించాలి, వరసగా చుట్టూ పోకూడదు. ఓ యాభై, వంద కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

3. "స్టెప్నీ ఇంతవరకూ వాడనేలేదు, కొత్తదే"

వాడకపోయినా గాలి దిగుతుంది, రబ్బరు ముసలిదవుతుంది. స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలోని లనెల్లి ఊళ్లో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడి డేవీస్ సోదరులు గాలి నింపి సిద్ధంగా ఉంచే అదనపు చక్రాన్ని తయారుచేశారు. గాలి నింపి ఉండటమే దాని గొప్ప. గాలి లేని స్టెప్నీ డిక్కీలో బరువు, అంతే. నాలుగు టైర్లకూ గాలి కొట్టించినప్పుడల్లా ఐదోదానికీ కొట్టించండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. స్టెప్నీ మిగతావాటికన్నా చిన్నదైతే దాని మీద వేగం రాసి ఉంటుంది, సాధారణంగా 80. పంక్చర్ షాపు దాకానే దాన్ని నమ్మాలి.

4. "ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తగ్గించు"

మన ఎండలకు పుట్టిన సలహా ఇది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేదీ ఇదే. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని భయం. కానీ గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ పక్కగోడ దగ్గర ఎక్కువ నలుగుతుంది. నలిగేకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికే లోపలి పొరలు విడిపోతాయి. ఇనుప తీగను మడిచి విప్పుతూ ఉంటే వేలికి తగిలే వేడి గుర్తుందా? అదే ఇదీ. పేలకుండా ఉండాలని చేసిన పనే పేలుడుకు దారి తీస్తుంది.

డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద రాసిన అంకే సరైనది. పొద్దున్నే, బండి నడవకముందు చూసుకోవాలి. ప్రయాణం మధ్యలో నాలుగైదు పాయింట్లు పెరుగుతుంది, కంపెనీ ఆ లెక్క ముందే వేసుకుంది. ఆ పెరిగిన గాలి తీయించకండి.

5. "ఫ్యూజు లేకపోతే సిగరెట్ పెట్టెలో కాగితం చుట్టు"

మా పాత బండి ఫ్యూజు పెట్టె తెరిస్తే ఎర్రవీ నీలివీ వరసలో ఒకచోట వెండికాగితం ముడుచుకుని కనిపించింది. చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంది. నాకు ముందు ఆ బండి నడిపినవారికి హారన్ మోగింది, పని అయిపోయింది. ఫ్యూజు ఉన్నది హారన్ కోసం కాదు, దాని వెనకున్న తీగ కోసం. ఎక్కువ కరెంటు పారితే తీగకన్నా ముందు తాను కాలిపోవడమే దాని పని. కాగితం పెడితే ముందు కాలేది తీగే. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. పోయిన రంగే మళ్లీ వేయాలి. అదీ వెంటనే పోతే ఇంకా పెద్దది వేయడం కాదు, ఎక్కడ షార్టయిందో వెతికించాలి.

60/55 వాట్ల హెడ్‌లైటు తీసి 100/90 వేయమనేదీ దీని తమ్ముడే. 5 ఆంపియర్ల తీగలో 8కి పైగా పారుతుంది. హోల్డరు కరుగుతుంది, ఎదుటివాడికి కళ్లు కనపడవు.

6. "ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడు"

ఇంజన్ ఆగకపోతే డైనమో బాగుందని తీర్పు. కంప్యూటర్ లేని పాత బండ్లలో ఈ పరీక్ష చాలావరకు చెల్లిపోయింది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎగసిపడుతుంది, ఆ దెబ్బ ఇంజన్ను నడిపే ఎలక్ట్రానిక్స్‌కు తగులుతుంది. మల్టీమీటరు ఉంటే చాలు. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజన్ నడుస్తుండగా 13.5కూ 14.5కూ మధ్య ఉంటే చార్జింగ్ అవుతున్నట్టే.

నిజంగా వైర్లు విప్పాల్సివస్తే ఇంజన్ ఆపి, ముందు నెగిటివ్ తీయాలి. బిగించేటప్పుడు అదే చివర. ఈ వరస తప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లపొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ రాస్తే సరిపోతుంది. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. నీటి మట్టం చూడటానికి అగ్గిపుల్ల మాత్రం వెలిగించకండి, బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.

ఆ మే నెల తర్వాత నేను చేసిన పని ఒకటే. ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో బండి పెట్టి, ఏ పంక్చరూ లేకుండానే ఒక చక్రం విప్పి బిగించాను. తర్వాత మా అమ్మాయి చేత చేయించాను. మొదటి నట్టుకు చాలాసేపు పట్టింది, ఐదోది వచ్చేసరికి చెయ్యి తిరిగింది. మీరూ ఒకసారి చేయండి. రోడ్డు మీద ఎవరైనా ఆగి జాకీ అందుకోబోతే, "నట్లు ముందు వదులు చేద్దాం పెద్దాయనా" అని మర్యాదగా చెప్పగలుగుతారు. ఆ రోజు ఆ ఒక్క మాట నా నోట రాలేదు.