పర్యాయపద పారాయణము

పుదుచ్చేరి పట్టణమున దీపములు పెట్టు వేళకు, సముద్రతీరమునకు షికారు పోవువారు పోగా, కాలువకు పడమటి వీధులలో మిగిలిన గృహస్థులందఱును తమ తమ నాలుగవ తరగతి సంతానమును ఎదుట కూర్చుండబెట్టుకొని, ‘బిగ్ అనగా లార్జ్, హ్యాపీ అనగా గ్లాడ్, బ్రేవ్ అనగా బోల్డ్’ అని వల్లె వేయించుట నేడు నిత్యకర్మానుష్ఠానములలో నొకటియైనది. మఱునాడు బడిలో వొకాబులరీ టెస్టు. తల్లి యొక పదమును పలుకును. బిడ్డ గ్రుక్క తిప్పుకొనకుండ దాని జోడుపదమును అప్పగింపవలెను. తడబడెనా, దోసె పెనము మీదనే మాడును గాని పళ్ళెములోనికి రాదు. తండ్రి సెల్‌ఫోనునుండి తల యెత్తకయే, “సినానిమ్స్ కూడా రాకపోతే రేపు ఐఏఎస్ ఎలా రాస్తుంది?” అని యొక దీర్ఘదర్శనమును ప్రకటించి, మరల ఫోనులో లీనమగును.

వల్లె వేయుటను నిందింపబోను. మన వీధిబడులలో, అరుగుల మీద, అర్థము తెలియని వయస్సుననే బాలురచేత అమరసింహుని మూడు కాండములను కంఠస్థము చేయించిరి. అమరము నెమరునకు వచ్చినచో కావ్యములెందుకు, కాల్చనా యని సామెతయే పుట్టినది. అయితే ఆ శ్రమకు ఒక ప్రయోజనముండెను. ఈ పట్టణమునందే ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా నుండి, 1736 మొదలుకొని 1761 వఱకు తమిళమున దినచర్య వ్రాసి చరిత్రకారులకు ఉపజీవ్యుడైన ఆనందరంగపిళ్ళ తెలుగు కవులను పోషించిన రసికుడు. ఆయన పేర కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అను లక్షణగ్రంథమును రచించెను. ఆ కవియే ‘సాంబనిఘంటువు’ను కూడ పద్యములలో కూర్చెను. ఛందస్సును నిఘంటువును ఒకే చేతినుండి వెలువడుట కాకతాళీయము కాదు. యతిస్థానమున రకారము వలసినపుడు చందమామను దింపి రేరాజు నెక్కించుటకును, ప్రాస బిగిసి ఊపిరాడనపుడు మఱియొక మాటతో గండము గడచుటకును కవికి పర్యాయపదములు కావలసివచ్చెను. నేటి బాలికకు యతియు లేదు, ప్రాసయు లేదు. ఉన్నదెల్ల గైడు వెనుక పుటలో ముద్రించిన జవాబుల పట్టిక. ఆ పట్టికలోని మాట వ్రాసినచో నొక మార్కు, దానికంటె మేలైన మాట వ్రాసినచో సున్న.

దీనికి నిదర్శనముగ, వైశ్యాళ్ వీధి యని జనులును, కాల్వే సుబ్బరాయచెట్టి వీధి యని ప్రభుత్వమువారును పిలుచు ఒకే వీధిలో, తెలుగు కుటుంబమునందలి యొక చిన్నదాని జవాబుపత్రమును చూచితిని. ‘స్ట్రీట్’ అను పదమునకు ఆమె ‘రూ’ అని వ్రాసినది. దాని మీద ఎఱ్ఱసిరాతో పెద్ద యింటూ గుర్తు. తాతగారు కండ్లజోడు సవరించుకొని విచారణ ప్రారంభించిరి.

“ఇదేమిటే అమ్మా, రూ అని రాశావు?”

“వీధి చివర నీలం పలకల మీద అలాగే ఉంటుందిగా తాతయ్యా! టీచర్‌కి చెబితే, గైడులో ‘రోడ్’ అని ఉందన్నారు.”

“అయితే రోడ్డూ వీధీ ఒకటేనా?”

“గైడులో ఒకటే. బయట వేరు.”

పరభాషాపదము పర్యాయపదము కానేరదని పండితులు ఆక్షేపింతురు. కాని పారసీకమునుండి బజారును, ఆంగ్లమునుండి రోడ్డును వచ్చి మన వీధి సరసన సుఖముగా కాపురముండగా, ఇన్నూఱేండ్లకు పైగా ఈ పట్టణమును పాలించిన ఫ్రెంచివారు విడిచిపోయిన యొక్క యేకాక్షరి మాత్రమేమి పాపము చేసినది? ఈ చిన్నది ఇంటిలో నీళ్ళనియు, వీధిలో తణ్ణియనియు, బడిలో వాటరనియు, ఫ్రెంచి చదువు అన్నగారిని అనుకరించి ‘ఓ’ యనియు దాహము తీర్చుకొనగలదు. అట్టిదాని ప్రోగ్రెసు రిపోర్టులో ‘పదసంపద చాలదు’ అని వ్రాసిరి! ఊరి పేరే, పాండిచ్చేరి యనియు, పాండీ యనియు, పుదువై యనియు, 2006 మొదలుకొని అధికారికముగ పుదుచ్చేరి యనియు, నిఘంటువులోని యొక పంక్తివలె నున్నది గదా.

బయట వేరన్న ఆ మాటలో నున్నంత నిఘంటుశాస్త్రము గైడులన్నిటిలోను లేదు. చచ్చెను, మరణించెను, కాలధర్మము చెందెను, పరమపదించెను — ఇవి పరీక్షలో సమానార్థకములు, మార్కునకు మార్కు. ఈ సమానత్వమును నమ్మి, ఊరి పెద్దమనుష్యుడు గతించిన యింటికిపోయి, ‘తమ తండ్రిగారు ఎప్పుడు చచ్చిరి?’ అని పలుకరించిన ప్రథమశ్రేణి విద్యార్థికి అచ్చట ఏ మార్కు పడునో, ఎచ్చట పడునో, ఊహించుకొనవచ్చును. 1852లో ఆంగ్లమున ‘థెసారస్’ను ప్రకటించిన రోజెట్ వృత్తిచే వైద్యుడు, పదములను భావములను బట్టి గుంపులు గావించెనే కాని, ఒకటి లేనిచోట రెండవది మ్రింగుమని మాత్ర వ్రాసియీయలేదు.

కంఠస్థము చేయింపకయే పర్యాయపదములు వచ్చునని నిరూపింపవలెనన్నచో, ఈ పట్టణమునకు మించిన ప్రయోగశాల వేఱొకటి లేదు. అమరసింహుడు మద్యమునకు సుర, హాల, కాదంబరి, మదిర యని పదికి మించిన పేర్లు చెప్పెను. మన దుకాణదారులు ఆ సంప్రదాయమును ఆంగ్లమున ఉద్ధరించి, వైన్స్, లిక్కర్స్, బార్, పబ్ అని అక్షరాభ్యాసమైన ప్రతి శిశువునకును కనబడునట్లు బోర్డులు వ్రాయించిరి. బడి ఆటో ఈ వీధులలోనుండియే పోవును. ఈ యొక్క ప్రశ్న అడిగినచో తరగతి తరగతియంతయు నూటికి నూఱు తెచ్చుకొనును. గైడు అక్కఱలేదు, ట్యూషను అక్కఱలేదు, దోసె మాడదు. ఏ కారణముననో ఇంతవఱకు ఎవ్వరును అడుగలేదు.

మఱొక విచిత్రము. ఇదే కేంద్రపాలిత ప్రాంతములోని యానాములో తెలుగు అధికారభాష. ఈ పట్టణములోని తెలుగిండ్లలో మాత్రము అది వంటింటి గడప దాటదు. ఇంగ్లీషున నొక్కొక్క మాటకు మూడేసి మాటలు అప్పగింపుమని గద్దించు తల్లిని, ‘అమ్మా, సంతోషానికి తెలుగులో ఇంకో మాట చెప్పు’ అని పిల్ల అడిగినచో, ఆమె ‘హ్యాపీ’ యని చెప్పి, దోసె తిరుగవేయుటకు లోపలికి పోవును. ఆ జవాబునకు ఎఱ్ఱసిరా లేదు.

కావున, ఈ వారము జవాబుపత్రములు దిద్దబోవు ఉపాధ్యాయులకు నా విన్నపము: పదమునకు పదము అడుగుట మాని, ఆ పదముతో నొక వాక్యము వ్రాయుమనుడు. పిల్ల గైడులో లేని మాట వ్రాసినచో, గైడును మూసి, నిఘంటువును తెఱచి చూడుడు. ‘రూ’కు మాత్రము, నిఘంటువు చూడకయే, అర్ధమార్కయినను వేయుడు.