షాకులు ముందు కొనండి, బండి తర్వాత గీయండి

తేలికపాటి ఆఫ్‌రోడ్ బగ్గీ కడుతున్న పిల్లలకు నేను చెప్పే మాటలు వర్క్‌షాపులో సీనియర్లు చెప్పేవాటికి తలకిందులుగా ఉంటాయి. బండి అడుగుకి కొడుతుంటే షాకుల్లో గాలి పెంచొద్దంటాను. చూడ్డానికి కూలబడినట్టున్న బండినే ట్రాకు మీదకి పంపమంటాను. వరుస గుంతల్లో కూలబడుతూ పోయే బండికి రీబౌండ్ బిగించే బదులు ముందు వదులు చేసి చూడమంటాను. తిక్క సలహాలనిపిస్తే అనిపించనీయండి. మనలో చాలామందికి షాకుల గురించి తెలిసినదంతా జీపుల దగ్గర, ఆటోల దగ్గర, బైకుల దగ్గర నేర్చుకున్నదే. 170 కిలోల బండి దగ్గర ఆ తెలివి సాయం చేయకపోగా చెరుపు చేస్తుంది.

నా మనసులో ఉన్నది బాహా బండి. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ విద్యార్థుల పోటీ, 2007 నుంచి ఇండోర్ దగ్గరి పీతంపూర్ మట్టి మీద మన దేశంలోనూ జరుగుతోంది. మన ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీల జట్లూ వెళ్తుంటాయి. ఒక్క మనిషి కూర్చునే బండి, ఇంచుమించు 10 హార్స్ పవర్ ఇంజను, అన్నిటికీ చివర నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు. ఇంజను అందరికీ ఒకటే కాబట్టి గుంతల్లో యాక్సిలరేటరు మీంచి ఎవరు కాలు తీయకుండా వెళ్లగలరన్నదే తేడా. అది తేల్చేది షాకులు.

అలాంటప్పుడు షాకుల్ని చివర కొనడం ఏం పద్ధతి? ఫ్రేమంతా వెల్డింగ్ చేసి, ఆర్ములు బిగించి, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ షాకు తగిలించడమే చాలా జట్లలో జరుగుతోంది. మీరు షాకుని ముందు చేతిలోకి తీసుకోండి. కొత్తది కొనే డబ్బు లేకపోతే పోయినేటి బండిది విప్పండి. దాని పొడవు, అది కుదించుకునే దూరం మీరు మార్చలేరు. ఫ్రేము మీద దాన్ని తగిలించే చోటును మాత్రం కాగితం మీద ఎన్నిసార్లయినా మార్చొచ్చు.

ఆ చోటు ఎంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. చక్రం 26 సెంటీమీటర్లు లేచేసరికి షాకు 13 సెంటీమీటర్లు కుదించుకుంటే నిష్పత్తి 0.5. షాకు ఇచ్చే బలంలో చక్రం దగ్గరికి సగమే వస్తుంది. గట్టిదనం అయితే ఆ నిష్పత్తికి వర్గం చొప్పున తగ్గి, పావు వంతే మిగులుతుంది. షాకుని ఆర్ము మీద ఇంకాస్త లోపలికి జరిపి 0.4 చేశారనుకోండి, మిగిలేది 0.16. సగం నుంచి కాస్త జరిపినందుకే గట్టిదనంలో మూడో వంతుకు పైగా పోయింది. తర్వాత ఆ లోటును గాలితో పూడ్చాలని పంపు కొడుతూ కూర్చుంటారు, కంపెనీ చెప్పిన గరిష్ఠ హద్దు దాకా వెళ్తారు. అది గాలి తప్పు కాదు, షాకు తగిలించే ట్యాబ్ వెల్డ్ చేసిన చోటు తప్పు.

ఇక్కడ ఎయిర్ షాకుకి, అంటే ఉక్కు స్ప్రింగు బదులు గాలే స్ప్రింగుగా పనిచేసే షాకుకి, ఉన్న ఒక సుగుణం చెప్పాలి. వాల్వు దగ్గర గాలి మొత్తం తీసేస్తే అది చేత్తోనే కదులుతుంది. స్ప్రింగు ఉన్న షాకుతో ఇది కుదరదు, స్ప్రింగు ఊడదీయాలి. గాలి తీసిన షాకులు తగిలించి, చక్రాన్ని కింది నుంచి పై దాకా సెంటీమీటరు సెంటీమీటరు చొప్పున ఎత్తుతూ షాకు ఎంత కదిలిందో రాసుకోండి. ఆర్ము ఎక్కడైనా పట్టేస్తోందా, బాల్ జాయింటు తిరగలేక ఆగిపోతోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. నన్నడిగితే ఎయిర్ షాకు కొనడానికి బరువు తగ్గడం కంటే ఇదే పెద్ద కారణం. ఒక్క జాగ్రత్త: మీరు తీయాల్సింది పంపు తగిలించే వాల్వు గాలి మాత్రమే. డ్యాంపర్ లోపల నైట్రోజన్ నింపిన గది జోలికి వెళ్లొద్దు.

రేసుకి వారం ముందు బండి పూర్తయ్యే జట్టుకి మాత్రం స్ప్రింగు షాకులే మేలంటాను. గాలిని సరిచేయడానికి తోలి చూసే రోజులు కావాలి. అవి లేనివాళ్ల చేతిలో ఖరీదైన ఎయిర్ షాకు వృథా.

ఇక గాలి ఎంత నింపాలన్న ప్రశ్న. ఖాళీ బండిని చూసి ఎప్పుడూ నింపకండి. 1500 కిలోల జీపులో 70 కిలోల డ్రైవరు అయిదు శాతం కూడా కాడు. మీ 170 కిలోల బండిలో అదే మనిషి ఎక్కితే మొత్తం బరువులో 29 శాతం అతనే. బండి కన్నా ముందు మీరు మనిషిని తూచాలి. హెల్మెట్, బూట్లు, బెల్టులతో సహా కూర్చోబెట్టి, బండిని నాలుగుసార్లు ఊపి, ముందుకు కాస్త దొర్లించి, చక్రాల కదలికలో ఎంత భాగం దిగిందో కొలవండి. పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య దిగాలి. ఫొటోలో బండి కూర్చుండిపోయినట్టు కనిపిస్తుంది, ‘గాలి కొట్టించండ్రా’ అని చూసినవాళ్లంతా అంటారు. కొట్టించకండి. ఆ దిగిన మేరే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను పట్టుకుంటుంది. దిగకుండా నిలబెట్టిన తేలిక బండిలో గుంత మీద చక్రం గాలిలో తేలుతుంది. గాలిలో ఉన్న చక్రం తోయదు, తిప్పదు, ఆపదు.

గేజి చదివేది మాత్రం బండిని స్టాండుల మీదకెత్తి, చక్రాలు పూర్తిగా వేలాడుతున్నప్పుడే. ప్రతిసారీ అదే స్థితిలో చదివితేనే ఇవాళ్టి అంకెకీ నిన్నటి అంకెకీ పోలిక కుదురుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ వాదన వచ్చేది అడుగుకి కొట్టడం దగ్గర. జంపు దిగగానే ఠంగుమంటుంది, వెంటనే ఎవరో పంపు పట్టుకొస్తారు. ఆగండి. గాలి స్ప్రింగు ఉక్కు స్ప్రింగులా సమానంగా గట్టిపడదు. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కి చూడండి: మొదట మెత్తగా, చివర ఎంత తోసినా కదలనంత గట్టిగా ఉంటుంది. లెక్కలోనూ అంతే. గేజి మీద 60 పీఎస్ఐ అంటే బయటి గాలిని కలుపుకొని సుమారు 75. గాలి ఉన్న జాగా సగానికి కుదిస్తే 150, అంటే గేజి మీద 135. మూడో వంతుకి కుదిస్తే గేజి మీద 210. నెమ్మదిగా నొక్కినప్పటి సంగతి ఇది. జంపు దిగినప్పుడు గాలి క్షణంలో వేడెక్కి అంతకన్నా గట్టిపడుతుంది.

60ని 80 చేశారంటే మొదటి అంగుళంలోనే షాకు బలం మూడో వంతు పెరిగిపోయింది. చివర్న అవసరమైన దానికోసం మొదట్నుంచీ గట్టిదనం తెచ్చుకున్నారు. చిన్న రాళ్లన్నీ డ్రైవరు నడుముకి తెలుస్తాయి. చేయాల్సింది గాలి పెంచడం కాదు, గాలి ఉండే జాగా తగ్గించడం. స్పేసర్లు పెట్టే వీలున్న షాకుల్లో స్పేసరు వేయండి. బాహాలో విరివిగా కనిపించే ఫాక్స్ ఫ్లోట్ 3 ఎవాల్ లాంటివాటిలో రెండో గది ఉంటుంది. అందులో ప్రధాన గదికన్నా ఎక్కువ ఒత్తిడి నింపుతారు. షాకు బాగా కుదించుకుని ప్రధాన గది ఒత్తిడి దాన్ని మించాకే రెండో గదిలోని పిస్టను లోపలికి జరిగి చోటిస్తుంది. ఆ రెండో గదిలో గాలి పెంచితే చివరి భాగమే గట్టిపడుతుంది, మొదటి మెత్తదనం అలాగే ఉంటుంది. అడుగుకి కొడితే ముట్టుకోవాల్సింది దీన్ని.

పైగా నాలుగు గంటల్లో ఒకటి రెండుసార్లు, అదీ పెద్ద జంపు దగ్గర, మెల్లగా అడుగు తగిలితే అది మంచి లక్షణమే. ఎప్పుడూ తగలని షాకులో మీరు వాడని కదలిక మిగిలిపోయిందన్నమాట. జారే భాగం మీద పలచగా గ్రీజు రాసి ఒక చుట్టు తోలండి, ఎంతవరకు చెరిగిందో చూడండి.

ఇక రీబౌండ్, అంటే కుదించుకున్న షాకు తిరిగి చాచుకునే వేగాన్ని అదుపు చేసే సర్దుబాటు సంగతి. గుంతల వరుసలో బండి మూడో గుంతకో నాలుగో గుంతకో అడుగుకి కొడుతోందా? మొదటి గుంతకి కొట్టలేదంటే అది మెత్తదనం కాదు. రీబౌండ్ మరీ బిగువుగా ఉండి, చక్రం తిరిగి కిందికి దిగేలోపే తర్వాతి గుంత వచ్చేస్తోంది. ఒక్కో గుంతకీ షాకు కొంచెం కొంచెం పొట్టిదవుతూ పోయి చివరికి కదలడానికి చోటే ఉండదు. బిగించినకొద్దీ ఇది ముదురుతుంది. పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. జంపు దిగాక బండి ఒక్కసారి లేచి నిలిచేదాకా ఒక్కో క్లిక్కు బిగించుకుంటూ రండి. గాలి మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చూడాలి.

నైట్రోజన్ నింపితే వేడికి ఒత్తిడి పెరగదని టైర్ల షాపుల్లో చెబుతుంటారు, నమ్మకండి. అదీ గాలిలాగే పెరుగుతుంది. దాంట్లో తేమ ఉండదు, అంతే తేడా. పొద్దున 20 డిగ్రీల్లో 60 ఉన్న షాకు 60 డిగ్రీలకు వేడెక్కితే 70 చూపిస్తుంది. పరుగు తర్వాత వేడిమీద ఉన్నప్పుడు ఆ పదీ వదిలేయకండి, చల్లారాక లోటు పడుతుంది. పంక్చరు షాపు కంప్రెషరు అసలు తగిలించొద్దు. షాకు జాగా చిన్నది, క్షణంలో హద్దు దాటుతుంది. చేతి షాకు పంపే వాడండి. పంపు తగిలించగానే అంకె తగ్గితే లీకని కంగారు పడకండి, గొట్టం నిండడానికి షాకులోంచే కొంత గాలి పోయింది.

పోటీ అయ్యాక బండి కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ ధారను షాకు సీళ్ల మీద సూటిగా కొట్టకండి. మట్టి లోపలికి పోతుంది. తడిగుడ్డతో తుడిచి, పొడి గుడ్డ పట్టి, అప్పుడు గేజి చూసి ఆ రోజు అంకెల్ని డ్రైవరు పేరుతో సహా రాసి పెట్టండి. ఎండ్యూరెన్స్‌లో డ్రైవర్లు మారితే ఎవరికి ఎంత గాలి అన్నది ఆ కాగితమే చెప్పాలి.