రెట్టింపు వేగమున శారీరశాస్త్రము

శవమును ముంజగడ్డితోఁ జుట్టి, ప్రవాహజలమున ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్ల కుంచెతో మెల్లమెల్లగాఁ బొరలు తొలగించుచు సమస్తావయవములను కన్నులారఁ బరీక్షింపవలెనని సుశ్రుతుఁడు విధింపఁగా, మన వైద్యవిద్యార్థి శిఖామణులు ఆ సప్తరాత్రవ్రతమును సప్తనిమిషములకుఁ గుదించి, అదియును దీర్ఘమేయని యూట్యూబు వేగమును రెట్టించి, ముంజేతి కండరములనెల్ల జయించితిమని సుఖముగా నిద్రించుచున్నారు.

వీడియోలోని దేహము మిక్కిలి మర్యాద గలది: ధమని యెఱుపు, సిర నీలము, నాడి పసుపు, పైగా బాణపుగుర్తుతోఁ దన పేరు తానే చెప్పుకొనును. డిసెక్షను హాలు బల్లపైఁ బరుండిన మౌనగురువునకు ఆ యలవాటు లేదు. ఫార్మలిను పుణ్యమా యని అన్నియు నించుమించుగా నొకే గోధుమవన్నె. వీడియోలో నిక్కచ్చిగాఁ గానవచ్చు పాల్మారిస్ లాంగస్ అను కండరము కొందఱి చేతులలోఁ బుట్టుకతోనే యుండదు. దానికై వెదకి వేసరిన బాలుఁడు, ఆ శవము సిలబసు ననుసరింపలేదని ఫిర్యాదు చేయును!

శవముల కొఱతచే ఒక్క బల్లచుట్టును తరగతి యంతయు మూఁగునట్టి కళాశాలలలో వీడియోయే దిక్కని మేమును ఒప్పుకొందుము. అచ్చట వెనుకవరుసవానికి సాక్షాత్కరించునది ముందువాని వీపు మాత్రమే. అదియును అంగీ మాటున.