వింగర్ కాబోయే మేనల్లుడికి మావయ్య సూత్రాలు

అల్లుడూ,

నువ్వు ఫుట్‌బాల్ ఆడుకుంటూ బతుకుతానన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "పోనీ గోల్ కొట్టేవాడన్నా కాదంటరా తమ్ముడూ, గీత పక్కన పరిగెత్తేవాడంట" అని గొంతు బాగా తగ్గించి చెప్పింది. "నేనుండగా నీకెందుకక్కా దిగులు, వాణ్ణి నేను దారిలో పెడతా" అన్నాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ళ మధ్య గ్రౌండ్లకు కరువుందేమో గానీ మావయ్యలకు లేదు. నేను ఎన్నడూ బంతి తన్నలేదు, అది నిజమే. తన్నిన వాళ్ళకు సలహాలు చెప్పే తీరిక ఉండదు కదా.

ముందు వయసు సంగతి. తొందరపడకు. ఇంటర్ కానీ, బీటెక్ కానీ, ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకో. ఆ పైన వింగు. తులసీదాస్ బలరాంని చూడు, తొందరపడితే ఏమవుతుందో తెలుస్తుంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ఎడమ వైపు వింగు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళేనాటికి ఇరవై ఏళ్ళు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1962లో జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం, ఆ ఏటికే అర్జున అవార్డు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట ఆగిపోయింది. ఇరవై ఏడు నిండీ నిండని వయసు. మెల్‌బోర్న్ నుంచి చివరి దాకా కలిపితే ఏడేళ్ళు. గ్రూప్-2 కోచింగులో అంతకంటే ఎక్కువ కాలం నిలబడ్డవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. వింగర్‌కి ఉన్న ఆస్తల్లా మొదటి పది గజాల వేగం, అది ముప్పై దాటితే తరుగుతుంది అంటారు. అంటే ముప్పై దాటాక మొదలుపెట్టినవాడికి తరిగిపోవడానికి ఏమీ ఉండదు. ఈ లెక్క ఎవరికీ తట్టదేమిటో!

అంతగా ఆలస్యమైందనిపిస్తే బర్త్ సర్టిఫికెట్టు ఉండనే ఉంది. రెండేళ్ళు తగ్గిద్దాం. అండర్-15లో నువ్వు పదిహేడేళ్ళ కాళ్ళతో పరిగెత్తితే ఎవడు పట్టుకుంటాడు? ఇప్పుడు మణికట్టు ఫొటో తీసి ఎముకల ఎదుగుదల చూస్తున్నారట. తియ్యనీ. నువ్వు ఆడేది కాళ్ళతో, వాళ్ళు చూసేది చెయ్యి. ఇక రెండేళ్ళు చిన్నవాళ్ళ మీద గెలవడం అలవాటైనవాడు సొంత ఈడువాళ్ళ మధ్యకొచ్చేసరికి చేతకానివాడవుతాడని ఒక పీఈటీ మాస్టారు నాతో వాదించాడు. ఆయనకు ఆశ తక్కువ.

ఇక గ్రౌండు. మన హైస్కూల్ గ్రౌండు చూశావుగా. నడిమధ్యన క్రికెట్ పిచ్. ఒక మూల వాలీబాల్ నెట్టు. చుట్టూ పొద్దున పూట షుగర్ పేషెంట్ల నడక. ఎన్నికలొస్తే సభ, పండగొస్తే ఎగ్జిబిషను, వానాకాలం చెరువు. పెద్ద ఆటలకు గ్రౌండు వెడల్పు 64 మీటర్లకు తగ్గకూడదని రూలుంది. ఆ వెడల్పు ఉండేదే వింగర్ కోసం. అవతలి డిఫెండర్లను పక్కలకు లాగితేనే మధ్యలో సందు పుడుతుంది. మనకా గొడవ లేదు. మన దగ్గర వెడల్పు వాకింగ్ ట్రాక్‌కి పోయింది, ఇంకాస్త ప్రహరీ పక్కన దుకాణాలకు పోయింది. మిగిలినదాంట్లో ఇరవై రెండు మందీ ఒక గుంపుగా బంతి వెంట పడతారు. నువ్వు కూడా ఆ గుంపులోకే దూరు. గీత పక్కన ఒంటరిగా నిలబడి బంతి కోసం చెయ్యి ఊపుతుంటే చూసేవాళ్ళు పనీపాటా లేదనుకుంటారు. పైగా తెనాలి కాలవల ఊరు. అవుటైన బంతిని ఎవడు తెస్తాడన్న దగ్గరే సగం మ్యాచులు ఆగిపోతాయి.

సూర్యలంక ఇసకలో పరిగెత్తితే కాళ్ళకు బలమని ఎవరో చెప్పారన్నావు. బాపట్ల వాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఆ బీచికి ఫొటోలు దిగడానికి పోతారు, స్నానాలకు పోతారు. అక్కడ పొద్దున్నే పరిగెత్తే కుర్రాడు కనబడితే పోలీసు ఉద్యోగానికనుకుంటారు. అలా అనుకుంటే అనుకోనీ, పరువు దక్కుతుంది.

కాళ్ళ మాటొచ్చింది. ఎడం కాలు ముట్టుకోకు. మన ఇళ్ళలో కొత్త కోడలైనా, కొత్త అద్దెకొచ్చినవాడైనా కుడికాలు పెట్టి లోపలికి రావాల్సిందే. అలాంటి గడ్డ మీద పుట్టి ఎడం కాలితో క్రాస్ వేస్తావా? సయ్యద్ అబ్దుల్ రహీం అని హైదరాబాద్‌లో ఒక కోచ్ ఉండేవాడు. బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమును చేతిలోకి తీసుకున్నాడు. ఆ టీము 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 1956లో ఇండియాను ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా, 1962లో ఏషియాడ్ బంగారం దాకా తీసుకుపోయింది ఆయనే. కాన్సర్‌తో 1963 జూన్‌లో పోయాడు. ఈ పెద్దమనిషి కుర్రాళ్ళకు వింత పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి రాగానే ఇచ్చెయ్యాలి. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు వచ్చే దారి ఖర్చు లేదని బలరాం అంటే సైకిలు ఏర్పాటు చేసింది కూడా ఈయనేనంటారు. ఇవన్నీ పాతకాలపు చాదస్తాలు. ఇప్పుడు నీకు బండి ఉంది, రీల్స్ ఉన్నాయి. బంతి దొరికితే వదలకు. ఒకణ్ణి దాటు, రెండోవాణ్ణి దాటు, మూడోవాడు లాక్కుంటే లాక్కోనీ, వీడియోలో ఆ ముక్క కత్తిరించుకోవచ్చు. మధ్యలో మనవాడు ఖాళీగా నిలబడి అరుస్తున్నా తలెత్తకు. తలెత్తితే జుట్టు చెదురుతుంది.

నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్ ఒక్క ఎడం కాలితోనే కోట్లు సంపాదించాడని నాకే ఎదురు చెప్పావు. నిజమే, అతను కుడి వింగు మీద నిలబడి, లోపలికి కోసుకొచ్చి, ఎడం కాలితో కొట్టేవాడు. అది చేస్తాడని ప్రతి డిఫెండర్‌కీ తెలుసు, అయినా ఆపలేకపోయారు. ఆ ఒక్క మలుపును ఆ వేగంతో, ఆ క్షణానికి తియ్యడానికి ఎన్ని వేలసార్లు సాధన చేసుంటాడో నాకనవసరం. నాకు కావలసింది ఒక్క కాలు చాలన్న భాగమే, అది కుడికాలనుకుందాం.

వెనక్కి రావద్దు. బంతి అవతలివాళ్ళకు పోతే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడు. వెనక ఫుల్‌బ్యాక్ ఉన్నాడు, వాడికీ పనుండాలి. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ లెఫ్ట్ వింగర్ జగాలో ముందుకూ వెనక్కూ తెగ తిరిగేవాడు. ముందు నలుగురున్న టీముకు అవసరమైనప్పుడల్లా మధ్యలో మూడో మనిషయ్యేవాడు. చీమ అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆటగాడిగా రెండు ప్రపంచకప్పులు, కోచ్‌గా 1970లో ఇంకోటి. అయితే మాత్రం? మన ఇంటి కుర్రాణ్ణి ఎవడన్నా చీమ అంటే మీ నాన్న తల ఎక్కడ పెట్టుకోవాలి?

తిండి విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఇంగ్లండులో స్టాన్లీ మాథ్యూస్ అని ఒక వింగర్. తాత వయసు దాకా ఆడాడు. 1965 ఫిబ్రవరిలో స్టోక్ సిటీ తరఫున చివరి లీగు మ్యాచ్ ఆడేనాటికి అతనికి యాభై ఏళ్ళు. ఐరోపా ఉత్తమ ఆటగాడి బంగారు బంతి 1956లో మొట్టమొదట ఇచ్చింది అతనికే. మందు లేదు, సిగరెట్టు లేదు, మాంసం లేదు, పైగా ప్రతి సోమవారం ఉపవాసం. కార్తీకమాసంలో మీ నాయనమ్మ చేసేదే ఏడాది పొడుగునా చేశాడన్నమాట. యాభై ఏళ్ళదాకా కడుపు మాడ్చుకుని ఆడే ఖర్మ నీకెందుకు? నువ్వు గారించా దారి పట్టు. బ్రెజిల్ కుడి వింగు. ఒక కాలు లోపలికి వంకర, ఇంకోటి బయటికి వంకర, రెండూ ఒక పొడవు కావు. అలాంటి కాళ్ళతో 1958లో గెలిచాడు, 1962లో పీలే దెబ్బ తగిలి కూర్చుంటే తానే టీమును మోసి గెలిపించాడు. వ్యాయామం గిట్టదు, మందు ముట్టనిదే పొద్దుపోదు. ఆ తర్వాత సంగతి అడగకు. తాగి తాగి 1983లో నలభై తొమ్మిదేళ్ళకే పోయాడన్నది మన కథకు సంబంధం లేని విషయం. కాబట్టి మ్యాచ్‌కి ముందు తెనాలి బెల్లం జిలేబీ ఓ పావుకిలో, ఆపైన మిర్చిబజ్జీ.

వేగంగా పరిగెత్తేవాడికి తొడ వెనక కండరం పట్టేస్తుంది, చిరిగిపోతుంది. వింగర్లకు ఇది వృత్తిరోగం. మోకాళ్ళ మీద కూర్చుని, చీలమండలు ఎవరినన్నా పట్టుకోమని, మెల్లగా ముందుకు వాలే వ్యాయామం ఒకటుంది, నార్డిక్ అంటారు. క్రమం తప్పకుండా చేస్తే ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని వైద్యులు లెక్కతేల్చారు. పైసా ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. అందుకే నాకు నమ్మకం కుదరలేదు. ఖర్చులేని వైద్యం వైద్యమా! కండరం పట్టేస్తే వేడి నూనె, నొప్పి తగ్గకపోతే ఇంకా వేడి నూనె. మర్నాడే మళ్ళీ పరిగెత్తు.

చెల్లెలు కూడా నీ వెంట గ్రౌండుకొస్తోందట. ఆపించు. ఫుట్‌బాలు ఆడపిల్లలకు కాదు. నిజామాబాద్ వైపు తండా నుంచి గుగులోతు సౌమ్య అని ఒక అమ్మాయి వింగు మీద ఆడుతుంది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌లో చేరింది, తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగు గెలిచింది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ అవార్డు అందుకుంది. ఈస్ట్ బెంగాల్ అంటే బలరాం ఆడిన క్లబ్బే. ఇదంతా నేనూ చదివాను. కానీ అది నిజామాబాద్. మన వైపు ఎండ ఎక్కువ, పిల్ల నల్లబడుతుంది.

డబ్బు దగ్గరకొద్దాం. ఎవడో ఏజెంటు స్పెయిన్‌లో ట్రయల్స్ అంటాడు, ముందు రెండు లక్షలు కట్టమంటాడు. కట్టు. క్లబ్బే ఆటగాడికి డబ్బివ్వాలి గానీ ఆటగాడు ఇవ్వడమేమిటని అడగొద్దు, మర్యాదగా ఉండదు. కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంటుంది, సంతకం పెట్టే చోటు మాత్రం చూసుకో. ఇక్కడ మన ఊళ్ళో ఏ క్లబ్బులోనూ పేరు రిజిస్టర్ చేయించుకోకు. ఆటగాణ్ణి ఒక దేశం క్లబ్బు ఇంకో దేశం క్లబ్బుకు అమ్మితే, ఆ సొమ్ములో ఐదు శాతం అతను 12 ఏళ్ళ నుంచి 23 ఏళ్ళ దాకా ఎక్కడెక్కడ నేర్చుకున్నాడో ఆ క్లబ్బులకు పంచాలని ఫిఫా రూలు. రేపు నువ్వు నిజంగానే పైకొస్తే రేపల్లెలో బంతులు కొనడానికి కూడా డబ్బులేని ఏ చిన్న క్లబ్బుకో చెక్కు వస్తుంది. ఊరికి ఊరికే డబ్బొస్తే చెడిపోతుంది. కాగితాలు లేకపోతే ఈ బెడదే లేదు.

క్లబ్బుల గురించి ఎక్కువ ఆలోచించకు. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ఫైనల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీకి పోయింది. ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో, మళ్ళీ గెలవలేదు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళకు పచ్చటి గ్రౌండ్లున్నాయి, ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. అయితే మన వైపు నుంచి అక్కడికి రాత్రంతా ప్రయాణం, పొద్దున టిఫిన్ ఎలా ఉంటుందో తెలియదు. వద్దు.

చివరగా రిటైర్మెంటు. బలరాం కాలంలో వాళ్ళకు రైల్వే ఉద్యోగాలుండేవి, పోలీసు ఉద్యోగాలుండేవి. ఆ పోలీసు టీమే 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. నీకు అంతకంటే మంచి ఏర్పాటు చూశాను. బైపాస్ పక్కన మన స్థలం ఖాళీగానే ఉంది కదా. ఆడి అలిసిపోయేదాకా ఎందుకు, ఇప్పుడే అందులో టర్ఫ్ వేయిద్దాం. బోర్డు మీద ఇంటర్నేషనల్ అకాడమీ అని రాయిద్దాం. గంటల లెక్కన అద్దె. సాయంత్రం ఐదుగురు ఐదుగురు ఫుట్‌బాలు, రాత్రి బాక్స్ క్రికెట్టు. చుట్టూ నిలువెత్తు నెట్టు కట్టేస్తాం, బంతి దానికి తగిలి లోపలికే వస్తుంది, కాలవలో పడదు, త్రో-ఇన్ అక్కర్లేదు. పక్క గీతే ఉండదు కాబట్టి వింగర్‌తో కూడా పని లేదు. నువ్వు గల్లా దగ్గర కూర్చో. పది తర్వాత లైట్లకు వేరే చార్జీ.