బండికి జీపీఎస్ కొనేవాళ్లకు తలకిందుల సలహాలు

బైకుకి జీపీఎస్ కావాలని దుకాణంలో అడిగి చూడండి. ముందు తెర ఎన్ని అంగుళాలో చెబుతారు, మిగతావన్నీ ఆ తర్వాతే. నా సలహా అక్కడే అడ్డం తిరుగుతుంది. ఉన్నవాటిలో చిన్నది కొనండి. వీలైతే మ్యాపే చూపించనిది కొనండి. ఈ మాట అన్నప్పుడల్లా మావాళ్లు నన్ను వింతగా చూస్తారు. అయినా ఏళ్ల తరబడి హైదరాబాదు నుంచి శ్రీశైలానికీ, మారేడుమిల్లికీ బండి మీదే తిరుగుతున్నవాణ్ని, చెప్పకుండా ఉండలేను.

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది. తెర మీద నీలిగీత ఎటు తిరిగిందో పోల్చుకోవడానికి రెండు సెకన్లు తల దించితే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ 33 మీటర్లలో ఏముంటుందో మన రోడ్లు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, డివైడరు సందులోంచి అడ్డంగా వచ్చే ట్రాక్టరు. అలాంటిచోట కారువాడికి బంపరు పోతుంది, మనకి మోకాలు పోతుంది. కాబట్టి ఏ పెట్టె చేతికిచ్చినా, ఇది నా చూపుని ఎంతసేపు పట్టి ఉంచుతుంది అన్న ఒక్క ప్రశ్నే వేసుకోండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 2020లో మీటియార్ 350తో పాటు ట్రిప్పర్ అని ఒక గుండ్రటి బుల్లి డయలు తెచ్చారు. ఫోన్‌తో కలుపుకుని, మలుపు ఎటో ఒక బాణం గుర్తు, ఎంత దూరమో ఒక అంకె చూపిస్తుంది. “మ్యాప్ లేని జీపీఎస్ ఏంటండీ” అని దాన్ని తీసిపారేసినవాళ్లను చాలామందిని చూశాను. 2023లో హిమాలయన్ 450 వచ్చేసరికి నాలుగంగుళాల తెర మీద మొత్తం గూగుల్ మ్యాపే పెట్టారు. అది ముందడుగని అందరూ అన్నారు, నాకలా అనిపించలేదు. బాణాన్ని ఓరకంట చూస్తే చాలు. మ్యాప్‌ని మాత్రం చదవాలి, చదవాలంటే తల దించాలి.

పెద్దదే కావాలని మనసు లాగితే, మే నెలలో మిట్టమధ్యాహ్నం దుకాణానికి వెళ్లండి. హెల్మెట్, గ్లోవ్స్ వెంట తీసుకెళ్లండి. ట్యూబులైటు కింద అన్ని తెరలూ మెరుస్తాయి. సెట్టుని బయటికి తెచ్చి ఎండలో పట్టుకుని, వైజరు దించి, అప్పుడు అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. తర్వాత గ్లోవ్ వేసుకున్న వేలితోనే ఊరి పేరు కొట్టండి. చివరగా దాని మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించమని అడగండి. మామూలు ఫోన్ తెర వాన చినుకుని కూడా వేలనుకుంటుంది, దానంతటదే మ్యాప్‌ని ఎక్కడికో జరిపేస్తుంది. గార్మిన్ జూమో లాంటివాటికి అంత ధర ఎందుకో ఈ మూడు పరీక్షలప్పుడే అర్థమవుతుంది. వాటి మీద రాసి ఉండే ఐపీఎక్స్7 అన్న గుర్తుకి అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని.

“ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?” అంటారా? పెద్ద ఇంజన్ల అదురు హ్యాండిల్ మీదుగా వస్తే కెమెరా లోపలి భాగాలు దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే తన ఐఫోన్ల గురించి హెచ్చరించింది. ఆ ఫోన్లని 35 డిగ్రీలు దాటని చోట వాడమని కూడా అదే చెబుతుంది. మన ఎండాకాలం సంగతి మీకు తెలుసు. ఫోన్ జేబులో ఉండాలి. పడిపోయిన రోజున 108కి ఫోన్ చేయాల్సింది దానితోనే.

ఇంకో పరీక్ష, ఇది హైదరాబాదు వాళ్లకి. గచ్చిబౌలి నుంచి శంషాబాదుకి దారి అడగండి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు, పక్కనున్న సర్వీసు రోడ్డులోనే పోవాలి. పెట్టె మిమ్మల్ని ఔటర్ ఎక్కించబోతే అది కారు కోసం చేసింది. అక్కడే తిరిగిచ్చేయండి.

జీపీఎస్ లాగే దారి చూపే మన దేశపు ఉపగ్రహాల వ్యవస్థ నావిక్‌ని ఈ పెట్టె పట్టుకుంటుందా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. దాని మొదటి ఉపగ్రహం 2013లో మన శ్రీహరికోట నుంచే ఎగిరింది, ఆ మాట తలచుకుంటే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ దాన్ని చూసి కొనకండి. బయలు రోడ్డు మీద ఎవరి ఉపగ్రహాలైనా చాలు. అడవిలో దారి చూపే పెట్టె ఆగిపోయేది ఉపగ్రహం అందక కాదు, మ్యాప్ దిగడానికి మొబైల్ సిగ్నల్ లేక. మ్యాప్‌ని ముందే లోపల దాచుకునే ఏర్పాటు ఉందా అని అడగండి.

ఇక అన్నిటికన్నా తలకిందుల సలహా. కొనేముందు మూడు నెలలు ఏ పెట్టే లేకుండా తిరగండి, దారి తప్పండి. నల్లమలలో నేను మొదటిసారి ఫోన్‌ని నమ్ముకుని వెళ్లాను. అది శ్రీశైలం చేరే టైము నిమిషాలతో సహా చూపిస్తోంది. మన్ననూరులో టీ తాగుదామని ఆగాను. గాజు గ్లాసు కడుగుతున్న పెద్దమ్మ తల ఎత్తకుండానే అడిగింది, “ఎక్కడికి బిడ్డా?” శ్రీశైలం అన్నాను. “తొమ్మిదైతే గేటేస్తరు. మల్ల పొద్దున ఆరింటికే తీస్తరు. చాయ్ తర్వాత తాగుదువు, ముందుగాల పో.” పులుల అడవి కాబట్టి రాత్రిపూట ఆ దారి మూసేస్తారన్న సంగతి నా తెర మీద ఎక్కడా లేదు. ఎనిమిదీ నలభై అయింది. డబ్బులిచ్చి, టీ వదిలేసి బండి తీశాను. అలా నాలుగుచోట్ల ఆగి అడిగితే తప్ప, పెట్టె దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలియదు. తెలిశాక కొనే వస్తువు వేరేగా ఉంటుంది.

బిగింపు విషయంలో తొందరపడకండి. మీటరుకి పైన, చూపుకి వీలైనంత దగ్గరగా పెట్టించండి. ట్యాంకు మీద మాత్రం వద్దు. బిగించాక హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి చూడండి, తీగ లాక్కుపోకూడదు. నాకు మొదటిసారి బిగించిన కుర్రాడు తీగని నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. తాళం తీసినా పెట్టె కరెంటు తాగుతూనే ఉంది. ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చి సెల్ఫు నొక్కితే టిక్కుమని ఊరుకుంది. మా మెకానిక్ సీటు ఎత్తి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకి దాన్ని మార్చాడు. మధ్యలో ఒక చిన్న ఫ్యూజు పెట్టాడు. అందుకే బిల్లు వేయించే ముందు పెట్టెతో పాటు ఇచ్చే తీగని విప్పించి, హ్యాండిల్ నుంచి ట్యాంకు కిందుగా సీటు దాకా అందుతుందో లేదో మీ బండి మీదే కొలిపించుకోండి.