కాంట్రా (యూ) [!] : టీకా తాత్పర్య సహితము

అవతారిక: మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు మర్రిచెట్ల నీడన సాగు బస్సులో, ప్రక్క సీటు విద్యార్థి ఫోనున దర్శనమిచ్చిన సూత్రమిది.

మూలము: కాంట్రా (యూ) [!].ఎన్‌ఈఎస్

ప్రతిపదార్థము: కాంట్రా = కొనామి వారి తుపాకుల గేము; (యూ) = అమెరికా ప్రతి. ఒంటి అక్షరమే కదా అని త్రోసిపుచ్చరాదు. జపాను ప్రతిలో దశల నడుమ పటము కనబడును. ఐరోపాలోనో, వీరులు పోయి మరమనుషులు వచ్చిరి. పేరే ప్రోబోటెక్టర్ ఆయెను. చేవెళ్లలో ప్లాటు కొనువాడు 45/అ, 45/ఆ ఒకటేనని ఊరకుండునా?

[!] = ఆశ్చర్యపడవలసినది ఏమియు లేదని అర్థము. అసలు క్యాసెట్టుతో సరిచూడబడిన శుద్ధప్రతి. ఇది గేము ప్రతులకు పేర్లు పెట్టు గుడ్‌టూల్స్ వారి సంకేతము.

.ఎన్‌ఈఎస్ = ఎన్‌ఈఎస్ గేము యంత్రపు ఫైలు జాతి. మొదటి 16 బైట్లు క్యాసెట్టులోని చిప్పుల అమరికను తెలుపును; దీనిని తలకట్టు అందుము.

పాఠాంతరములు: [ఏ] వేరొక పాఠము. [బి] భ్రష్టపాఠము. [హెచ్] ప్రక్షిప్తము, మా చిన్ననాడు ముప్పై ప్రాణములిచ్చు క్యాసెట్టుకై కొట్టుకొన్నాము, అది ఈ కోవదే కాబోలు. [ఓ] అనగా చివర అక్కరలేని బైట్లు అంటుకొన్నది, తాటాకు కట్టలో ప్రక్క గ్రంథపు ఆకులు చేరినట్లు. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చుండబెట్టి ప్రతులు పోల్చించిన పనియే ఇది. ఇచట పండితుని స్థానమున చెక్‌సమ్ కూర్చున్నది, సంభావన అడుగదు.

మతాంతరము: గేము ప్రతుల పట్టికలు కూర్చు నో-ఇంట్రో వారు (యూఎస్‌ఏ), (యూరప్) అని విప్పి వ్రాయుదురు. మంచి ప్రతికి గుర్తు పెట్టరు. మంచిది కానిచో ఉండనేల అని వారి వాదము. మాకును ఇదియే సమ్మతము.

విశేషము: బస్సు దిగుచు ఆ విద్యార్థి "అంకుల్, ముస్తఫా గేము దొరుకుతలేదు" అనెను. దొరకదు నాయనా. 1993లో క్యాప్‌కామ్ పెట్టిన పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్; అందలి పసుపుటోపీ వీరుడు ముస్తఫా పేర గేమును పిలిచినది మనము. ఆర్కేడ్ గేములాడించు ఎమ్యులేటరు మేమ్ మతమున దాని నామము డైనో.జిప్. డాస్ నాటి ఫైలు పేరుకు ఎనిమిదక్షరములే హద్దు గనుక పొట్టిపేర్లు ఆచారమాయెను.

తాత్పర్యము: ముద్దుకొలది దానిని ముస్తఫా.జిప్ అని మార్చకుడు. మేమ్ గుర్తుపట్టదు.