పది నిమిషాల లోపు పనులు

నా చాకిరీకి సాక్ష్యం లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే నా గోడు. బ్యాంకులో సాయంత్రానికి పది రూపాయలు తేడా వస్తే అదెక్కడ తప్పిందో దొరికేదాకా ఎవరమూ కుర్చీల్లోంచి లేవం. ఇంట్లో నా బతుకంతా లెక్కకు రాకుండా పోతున్నా అడిగే ఆడిటరు లేడు. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నానండీ" అంటే "కూర్చోవచ్చుగా" అంటారు మా ఆయన. విచారణ అక్కడితో ముగుస్తుంది.

అలాంటి నాకు పేపర్లో కేంద్ర గణాంక శాఖ వారి సమయ వినియోగ సర్వే కంటబడింది. దేశంలో ఎవరు దేనికి ఎన్ని నిమిషాలు ఖర్చుపెడుతున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకునే సర్వే అది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో నమూనాగా చేశారు, ఆ ఆరింటిలో మనం లేము. 2019లో మొదటిసారి దేశమంతటా చేశారు, 2024లో మళ్లీ చేశారు. 2019 లెక్క ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024కి ఆడవాళ్లది 289కి తగ్గింది. హమ్మయ్య, పది నిమిషాలు కలిసొచ్చాయి అనుకునేలోపు పక్క గడి చూశాను. మగవాళ్లది 88. మనకు పది తగ్గేసరికి వాళ్లు తొమ్మిది తగ్గించుకుని కూర్చున్నారు.

అందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 97 నిమిషాలు మగవాళ్లందరి సగటు కాదు, ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ల సగటు. 2019లో ఆరేళ్లు దాటిన మగవాళ్లలో అలా చెయ్యి పెట్టినవాళ్లు వందకి 26 మందే. ఈ ముక్క మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. సిగ్గుపడతారేమోనని కాసేపు చూశాను. "నేను ఆ 26 మందిలోనే ఉన్నాగా!" అని కాలరెగరేశారు.

ఇక లాభం లేదని మా ఇంట్లో నేనే సర్వే పెట్టాను. పద్ధతి నాకు నచ్చింది. నిన్న పొద్దున నాలుగింటి నుంచి ఇవాళ పొద్దున నాలుగింటి దాకా రోజును అరగంట అరగంట గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో ఏం చేశావని అడుగుతారు. ఒకే గడిలో రెండు మూడు పనులు చేస్తే, పది నిమిషాలూ ఆపైన పట్టినవి రాసుకుంటారు. మనిషి చేసే పనులన్నీ తొమ్మిది విభాగాల్లో సర్దేశారు: ఉద్యోగం, సొంత వాడకానికి వస్తువుల తయారీ, జీతం లేని ఇంటిపని, జీతం లేని సంరక్షణ, జీతం లేని స్వచ్ఛంద సేవ, చదువు, మాటామంతీ భక్తీ, వినోదం, చివరగా నిద్రాహారాల్లాంటి సొంత అవసరాలు. ఆవకాయ పెట్టడం రెండో విభాగంలోకి వస్తుందని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. దేవుడికి దీపం పెట్టడాన్నీ, లిఫ్టు దగ్గర నిలబడి పై ఫ్లాటు వాళ్ల సంగతులు మాట్లాడుకోవడాన్నీ ఒకే విభాగంలో వేసిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఎప్పుడో మా అపార్టుమెంటుకి వచ్చే ఉంటాడు.

నాలుగో శనివారం బ్యాంకు సెలవు. పెద్దాడి పాత లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, శుక్రవారం నాడు ఎవరేం చేశారో రాయడం మొదలుపెట్టాను. ముందు నా పేజీయే తీశాను. సాక్ష్యం కావలసింది నాకేగా.

నాలుగు నుంచి అయిదు: నిద్ర. నిజానికి నాలుగున్నరకే మెలకువ వచ్చింది. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి ఈ బెజవాడ ఉక్కకి పొంగి గట్టు మీదికి వచ్చేసి ఉంటుందని కళ్లు మూసుకుని బెంగపడుతూనే ఉన్నాను. బెంగకు గడి లేదు. నిద్రనే రాశాను.

అయిదు నుంచి అయిదున్నర: పాల ప్యాకెట్లు తెచ్చి కత్తిరించి పొయ్యి మీద పెట్టాను. శుక్రవారం కనక గడపకి పసుపు రాసి బొట్లు పెట్టాను. ముగ్గేశాను. పిండి అనుకున్నట్టే పొంగితే గట్టు తుడిచాను. కుక్కరెక్కించాను. పెద్దాణ్ణి లేపాను. వాడు లేవలేదు, మళ్లీ లేపాను. ఇందులో ఏ ఒక్కటీ పది నిమిషాలు పట్టలేదు. నిబంధన ప్రకారం చూస్తే ఆ అరగంటలో నేనేమీ చేయలేదు!

అక్కడ ఆగిపోయింది నా పెన్ను. ఆలోచించిన కొద్దీ నా సంసారమంతా పది నిమిషాల లోపు పనులే. సాక్సు వెతకడం, డైరీలో సంతకం పెట్టడం, గ్యాసు బండకి ఓటీపీ చెప్పడం, ఇస్త్రీ అబ్బాయికి దుప్పట్లు లెక్కపెట్టి ఇవ్వడం, వ్యాను హారను కొడుతుంటే పిల్ల జుట్టుకి రెండో రిబ్బను కట్టడం. బ్యాంకులో ఏ ఖాతాకు చెందుతుందో తేలని సొమ్మును సస్పెన్స్ అకౌంటులో వేస్తాం. నా యవ్వనమంతా అలా సస్పెన్స్ అకౌంటులోనే పడిందన్న మాట.

పోనీ, పది నిమిషాలు దాటినవి ఏమిటా అని చూస్తే అవి బయటికి చెప్పుకునేవి కావు. పాలు కాగేదాకా పొయ్యి దగ్గర నిలబడి ఫోనులో మా పిన్ని కూతురు పెట్టిన గృహప్రవేశం ఫొటోలు చూశాను. అన్నీ చూశాను. మెట్ల రెయిలింగు పెద్దది చేసుకుని మరీ చూశాను. పాలు పొంగాయి. పొయ్యి విప్పి తోమి తుడిచేసరికి పావుగంట. ఆ పావుగంట ఇంటిపని గడిలోకి దర్జాగా ఎక్కింది. అంటే నేను ఫోను ఎంత ఎక్కువ చూస్తే నా ఇంటిపని నిమిషాలు అంత పెరుగుతాయి. ఈ సూత్రం గణాంక శాఖ వాళ్లకి ఇంకా అందినట్టు లేదు.

ఇంకొకటి. సాయంత్రం స్కూటీ సెల్లారులో పెట్టాక వెంటనే పైకి వెళ్లను. బండి మీదే కూర్చుంటాను. ఎవరూ అమ్మా అనని, ఎవరూ మేడమ్ అనని చోటు బెజవాడ మొత్తం మీద నాకు అదొక్కటే దొరికింది. ఆలస్యమేమిటని అడిగితే బెంజి సర్కిల్లో ఇరుక్కుపోయాననేదాన్ని. "ఫ్లైఓవరేశారుగా" అంటారు అత్తయ్యగారు. ప్రభుత్వాలు అభివృద్ధి చేసేటప్పుడు ఇల్లాళ్ల సాకుల గురించి కూడా ఒకసారి ఆలోచించాలి. ఆ పావుగంటను చాలాసేపు తటపటాయించి "ఉద్యోగానికి సంబంధించిన ప్రయాణం" కింద రాసేశాను.

రాత్రి తొమ్మిదింటికి మా చిన్నది చెయ్యి కడుక్కుంటూ, "అమ్మా, రేపు సోలార్ సిస్టమ్ తెమ్మన్నారు" అంది, పెన్సిలు తెమ్మన్నంత తేలిగ్గా. మా ఆయన చెప్పులేసుకుని పరిగెత్తి, షట్టరు సగం దించిన ఫ్యాన్సీ షాపు నుంచి తొమ్మిది థర్మాకోల్ బంతులు పట్టుకొచ్చారు. "ఎనిమిదేగా గ్రహాలు, ప్లూటోని 2006లోనే తీసేశారు" అన్నాడు పెద్దాడు. మిగిలిన బంతిని సూర్యుణ్ణి చేశాం. బుధుడూ సూర్యుడూ ఒకే సైజులో వచ్చారు. పిల్ల భూమికి నీలం రంగు వేస్తూ వేస్తూ నిద్రపోయింది. శుక్రవారం రాత్రి పదకొండింటికి నేనొక్కదాన్నీ కూర్చుని శనికి వలయం కడుతున్నాను. ఈ గంటన్నర చదువు విభాగంలోకి వెళ్లింది. అదీ నా పేరు మీద కాదు, పిల్ల పేరు మీద.

నా పేజీ అలా ఏడిసింది. మా ఆయన పేజీ తీశాను. మంచం మీద వెనక్కి వాలి, వాంగ్మూలం ఇస్తున్న పెద్దమనిషి ఫోజులో చెప్పుకొచ్చారు. "పిల్లల చదువు దగ్గర కూర్చున్నాను, రాసుకో." కూర్చున్న మాట నిజం. చూపు మాత్రం క్రికెట్ మీద ఉంది. "రైతుబజారుకి వెళ్లొచ్చాను, రాసుకో." అదీ నిజమే. అక్కణ్ణుంచి నాకు ఫోన్లు వచ్చాయి. తోటకూరా పాలకూరా? బీరకాయలు లేతవో ముదురువో ఎలా తెలుస్తుంది? కొత్తిమీర కొసరు అడగొచ్చా? ఆయన కూరలు కొన్నంతసేపూ నేను ఫోనులో కొంటూనే ఉన్నాను. నిబంధన నిబంధనే కనక ఇద్దరికీ రాశాను. థర్మాకోల్ పరుగు, తన పళ్లెం తను తీయడం కూడా కలిపి ఆయనకి మొత్తం 90 నిమిషాలు తేలింది.

"దేశ సగటు ఎంతన్నావ్?"

"88."

అంతే. సాయంత్రానికి మా ఆడపడుచుకి ఫోను చేసి చెప్పేశారు. మావగారి తిథికి వచ్చే బంధువులకి కూడా చెబుతారని నా అనుమానం.

అత్తయ్యగారు మాత్రం రాయనివ్వలేదు. "నాదేం రాస్తావే, ముసలిదాన్ని, రోజంతా టీవీ ముందు కూర్చునేదాన్ని. సీరియళ్లని రాసుకో" అన్నారు. సరేనని వినోదం విభాగంలో వేశాను. కూర్చుని ఏం చేశారో ఊరికే మాట వరసకి అడిగాను. వెల్లుల్లి వలిచారట. కందిపప్పులో రాళ్లేరారట. గోంగూర కట్టలన్నీ ఆకు తుంచి కడిగి నీడన ఆరబెట్టారట. నేను ఎక్కించి మరిచిపోయిన కుక్కరు కూతలు లెక్కపెట్టి కట్టేశారట. వ్యాను దిగిన పిల్లకి కాళ్లూ చేతులూ కడిగించి అన్నం పెట్టారట. ఆరిన బట్టలు మడతలు పెట్టారట. ఇవన్నీ సీరియల్లో కోడలు కన్నీళ్లు పెట్టుకుంటుండగానే.

వినోదం కొట్టేసి మళ్లీ కూడాను. ఆవిడ మొత్తం నా మొత్తానికి అంగుళం దూరంలో ఆగింది.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. మా బ్రాంచిలో నా గోంగూర పచ్చడికి పెద్ద పేరు. ఉద్యోగం చేస్తూ ఇవన్నీ ఎలా చేస్తారు మేడమ్ అని అమ్మాయిలు అడుగుతుంటే, "అలవాటైపోయిందమ్మా" అని ఒక అలసిన నవ్వు నవ్వుతుంటాను. ఆ నవ్వు మీద చాలా కృషి చేశాను. ఆకు తుంచింది ఆవిడ, కడిగింది ఆవిడ, నూరింది ఆవిడ. పోపు పెట్టింది నేను. పోపుకి పది నిమిషాలు కూడా పట్టదు.

మా పనమ్మాయి అంట్ల దగ్గర కూర్చుని ఇదంతా వింటోంది. "నాది రాయరా అమ్మా?" అంది. రాశాను. నాలుగింటికి లేస్తుంది. వాళ్లింట్లో అంట్లు, వంట, పిల్లల క్యారేజీలు. తర్వాత మాతో కలిపి నాలుగిళ్లు. మధ్యాహ్నం మళ్లీ వాళ్లింట్లో బట్టలు, సాయంత్రం మళ్లీ రెండిళ్లు, రాత్రి మళ్లీ వాళ్ల వంట. మా ఇళ్లలో చేసింది ఉద్యోగం విభాగం, వాళ్లింట్లో చేసింది జీతం లేని ఇంటిపని విభాగం అని వివరించాను.

"గిన్నెలు అవేగా అమ్మా. సబ్బూ అదే" అంది.

ఆమె పేజీకి గడులు చాలలేదు. అన్నీ పది నిమిషాలు దాటినవే. సస్పెన్స్ అకౌంటు అవసరం పడని మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. నాకు క్యాజువల్ లీవు కావాలంటే మేనేజరుకి ఒక మెసేజి పడేసి పడుకుంటాను. ఆమె నాగా పెడితే మాత్రం ఫోను చేసి జ్వరం ఎన్ని డిగ్రీలుందో అడుగుతాను. పోయినసారి థర్మామీటరు కూడా పంపిస్తానన్నాను, ప్రేమకొద్దీ కాదు.

సాయంత్రానికి నాలుగు పేజీలూ పక్కపక్కన పెట్టి లెక్క సరిచూశాను. అలవాటైన పని కదా, చప్పున తేలింది. ఇల్లంతా నేనొక్కదాన్నే మోస్తున్నానని నేను చెప్పుకునే ఆ ఇంట్లో, సగానికి పైగా నిమిషాలు ఇద్దరు ఆడవాళ్లు కడుతున్నారు. రసీదు మాత్రం నా పేరు మీద వస్తోంది. ఒకరికి టీవీ చూస్తోందన్న పేరు, ఇంకొకరికి నాగాలు పెడుతుందన్న పేరు. నాకు "అలవాటైపోయిందమ్మా".

"మొత్తం రాశారా?" అంది పనమ్మాయి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "జీతం ఏ గడిలో రాశారమ్మా?"

"ఇందులో జీతం ఉండదు. నిమిషాలే."

"నిమిషాల లెక్కనయితే ఇంకా రావాలిగా మరి!"

లెక్కలు నేర్పింది నేనే కాబట్టి నోరెత్తడానికి లేకపోయింది. వచ్చే నెల నుంచి పెంచుతానన్నాను. నెలకి రెండు నాగాలు, కారణం అడగకుండా, అని కూడా అన్నాను. ఆ రెండోదానికి ఆమె నా వంక అనుమానంగా చూసింది. గోంగూర ఆకు తుంచే పని ఇక మీద పెద్దాడిదని ప్రకటించాను. వాడు పది నిమిషాల లోపు ముగించేశాడు. కాడలతో సహా.

రాత్రి మా ఆయన నోట్‌బుక్ తిరగేస్తుంటే, పనమ్మాయికి పెంచిన జీతాన్ని ఏ విభాగంలో రాయాలో తోచడం లేదన్నాను. "నీ విశ్రాంతి కింద రాసుకో. కొనుక్కున్నది అదేగా" అన్నారు, పేజీలోంచి తల ఎత్తకుండానే. గట్టి జవాబే ఇచ్చేదాన్ని. కానీ దేశ సగటు దాటిన మగాడితో వాదించి నెగ్గడం కష్టం.